అంటుకునే రంగు

ఎనామిల్ నిలబళ్ళేదు.
మూడు దినాలు నీడన ఆరబెట్టి
నాలుగో దినం పట్టుకుంటే
కప్ప వీపంతా నా బొటనవేలికి వచ్చేసింది.

మెత్తటి ప్లాస్టిక్ కప్ప. నేనే పోసినా.
చేపలోళ్ళు పారేసిన చినిగిన ఎరలన్నీ ఏరి
సత్తుగిన్నెలో సన్నమంట మీద కరగబెట్టి
ప్లాస్టర్ అచ్చులో పోస్తే
చల్లారినాక కాళ్ళాడిస్తా బయటికొచ్చింది.
ఈ కంపు నేను పడలేను, మిద్దె మీద చేసుకోపో అని
సుంకులమ్మ స్టవ్వుతో సహా బయట పెట్టింది.

గోళ్ళ రంగు పూసి చూసినా.
పెండ్లికూతురు మాదిరి మెరిసింది.
తోక వంచితే
మే నెల నల్లరేగడి, నెర్రెలు నెర్రెలు.

ముప్పయ్యేండ్లు రంగులో బతికినోణ్ణి.
మద్దిలేటి ఆర్ట్స్, కర్నూలు.
బోర్డు కింద కుడిమూల, అంగుళం అక్షరాలు.
పాత బస్టాండు నుంచి కొండారెడ్డి బురుజు దాకా
తలెత్తితే యాడో ఒకచోట నేనే.
విత్తనాలంగడి గోడ మీద పత్తికాయ పగలదీసింది నేను.
పండ్ల డాక్టరు గడప మీద
ముప్పై రెండూ వరసబెట్టింది నేను.
సినిమా బ్యానర్లో ఆరడుగుల కన్నుకి
నిచ్చెనెక్కి కాటుక దిద్దింది నేను.

సుభాన్ మిషన్ దించినాడు.
నాకు వారం పట్టే గోడని
అది గంటలో ఉమ్మింది, చుట్టలు చుట్టలుగా.
కోపం లేదని అబద్ధం చెప్పను.
పదమూడేండ్లు ఆ అంగడి ముందర నడవలేదు,
సందులోంచి తిరుక్కొని పోయేటోణ్ణి.

మొన్న ఏటిగట్టున
గాలం మీది చూపు తిప్పకుండానే రంగముని అన్నాడు:
"అన్నా, ఫ్లెక్సీ గూడా ప్లాస్టిక్కే గదా.
వానకి పోదు, ఎండకి పోదు.
ఆ ఇంకు అడిగి చూడరాదా?"

తుంగభద్ర మోకాల్లోతుండె ఆ దినం.
నేనేం మాట్లాడలేదు.
ఇంటికొచ్చి అన్నం తిని పండుకొని
నడిరేయి లేసి కూర్చున్నా.

సుభాన్ గుర్తుపట్టినాడు. కుర్చీ తుడిచినాడు.
ఎందుకని అడగలేదు.
అడుగున మిగిలింది నాలుగు దగ్గుమందు సీసాల్లోకి వంపి
మూతలు బిగించి
"చాలకుంటే రాండి పెద్దాయనా" అన్నాడు.
నాలుగే రంగులంట. లోకమంతా
ఆ నాలుగింట్లోంచే తీస్తాడంట.
నీలం ఏ కాలేజీ ర్యాంకుల్లో మిగిలిందో,
గులాబీ ఏ పిల్ల ఓణీ ఫంక్షన్‌దో,
నలుపు ఎవరి శ్రద్ధాంజలిదో.

కప్పని సబ్బుతో కడిగి, ఆరనిచ్చి
పసుపులో నీలం రోంత కలిపితే
కేసీ కాలువ పాచి రంగొచ్చింది.
పూసినా. ఊపిరి బిగబట్టి వేలు పెట్టినా.
రాలే.
తోక వంచినా. నెర్రె లేదు.
లోపలికే తాగేసింది.
నా గోడల్ని తాగింది గూడా ఇదే గదా అనుకున్నా.
అనుకొని, కుంచె కడుక్కున్నా.

వీపు మనకోసం. పొట్ట కొర్రమీను కోసం,
అది కిందినుంచి గదా చూస్తాది.
బోర్డు గూడా అంతే,
కింద నిలబడినోడికి రాయాల.
పొట్టకి పసుపు, దాని మీద పొక్కుల్లాగా నల్లచుక్కలు.
కన్ను చివరికి. అగ్గిపుల్ల కొనతో,
చేతి వణుకు ఆగే దాకా కాచుకొని
రెండు ఊపిర్ల నడుమ.
ఆరడుగుల కన్నుకి ఎంతసేపు పట్టేదో అంతే పట్టింది.

సుంకేసుల కాడ, తూటాకు మొదట్లో
రంగముని విసిరినాడు.
ఆరుసార్లు ఏం లేదు.
ఏడోసారి నీళ్ళు పగిలినాయి.
కట్టె వంగింది, వాడు కేక పెట్టినాడు,
అంతే, దారం వదులైపోయింది.

వాడు చేపని తిడతాండాడు, దాని అమ్మని తిడతాండాడు.
నేను కప్పని ఎండకి తిప్పి చూస్తాండా.
ఒక కాలు లేదు.
పండ్ల గాట్లు వీపు పొడుగునా.
రంగు పోలేదు.
తెగినకాడ చూస్తే లోపల గూడా రోంత దూరం పచ్చే.

కుడికాలి కింద, సూదిమొనతో
ఎవరికీ చెప్పకుండా మ అని రాసింటి.
పోయింది ఆ కాలే.

పసుపు అయిపోయింది.
రేపు సుభాన్ దగ్గరికి పోవాల.